నాన్న ఆవిరి గొట్టం

మారికినా,
ఆగస్టు 9, 2015

అక్కా,

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేముందు మీ మఠం పెద్ద మదర్ చదువుతారు గనక ముందుగా ఆవిడకు దండాలు. మదర్, ఇందులో పాపాలేమీ లేవు, అక్షరదోషాలు మాత్రం ఉన్నాయి.

బూట్ల కొట్టు మూసేశామక్కా. నాన్న నలభై రెండేళ్ళు కూర్చున్న బల్ల దగ్గర ఇప్పుడు నేను కూర్చుంటున్నాను గానీ, బూట్లు కుట్టడానికి కాదు. ఇక్కడ ఊరంతా ఆవిరి గొట్టాలు పట్టుకు తిరుగుతున్నారు. కుర్రాళ్ళు వేప్ అంటారు. లోపల బ్యాటరీ, పైన సన్నటి తీగచుట్ట, మధ్యలో దూది, దానిమీద నాలుగు చుక్కల లిక్విడ్. మీట నొక్కితే తీగ వేడెక్కి ఆవిరి వస్తుంది. మామిడి వాసన, పుదీనా వాసన, ఏది కావాలంటే అది. అవి పాడైతే నా దగ్గరికి తెస్తారు. లిక్విడ్ కారుతోందంటే రబ్బరు రింగు నలిగి ఉంటుంది. మాడు వాసనంటే దూది మరీ కుక్కి ఉంటారు. అసలు పనిచేయడం లేదంటే బ్యాటరీ తగిలే చోట ఇత్తడి నల్లబడి ఉంటుంది, గీకితే సరి. కొత్తవాటికే ఇన్ని రోగాలు. చేసినవాళ్ళు చివరిదాకా చూసి చేయరు, అంతే.

అందుకని పక్క వీధి లేత్ మీద ఇత్తడి గొట్టం కోయించి నేనే పన్నెండు చేశాను. మొదటిది నాన్నకిచ్చాను. అద్భుతం విను, నాన్న సిగరెట్లు మానేశాడు! రోజుకు రెండు పెట్టెలు తాగే మనిషి మూడు వారాలుగా ఒక్కటీ ముట్టలేదు. ఆవిరి పీల్చుకుంటూ కూర్చుంటున్నాడు. నన్ను మెచ్చుకున్నాడనుకునేవు. గొట్టాన్ని బోర్లించి, మరల మీద బొటనవేలి గోరు ఆనించి తిప్పి, "ఈ మరలు సరిగ్గా కూర్చోలేదురా. నా కొట్లో అయితే మొత్తం విప్పించి మళ్ళీ చేయించేవాణ్ణి," అన్నాడు.

నీ తమ్ముడు,
నాటో

*

కార్మెల్ మఠం, ఆంటీకే,
ఆగస్టు 30, 2015

ప్రియమైన నాటో,

నీ ఉత్తరం మదర్ నవ్వుతూ ఇచ్చారు. అక్షరదోషాలు లెక్కపెట్టారట, పద్నాలుగు.

నాన్న పొగ మానేశాడన్న వార్త చదివి చాపెల్లోకి వెళ్ళి కూర్చున్నాను. పందొమ్మిదేళ్ళుగా ఈ గోడల మధ్య నేను అడిగిన మొదటి కోరిక అదే. నువ్వు ఇలాంటి పని ఎంచుకోవడం నాకెంతో గర్వంగా ఉంది. జలుబు చేస్తే అమ్మ ఆకులు మరిగించి మనిద్దరికీ ఒకే దుప్పటి కింద ఆవిరి పట్టించేది గుర్తుందా? నువ్వు ఊపిరాడక ఏడ్చేవాడివి. ఇప్పుడు నువ్వే ఊరందరికీ ఊపిరి ఇస్తున్నావు.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది. పూజలో పంచే దివ్యభోజనపు అప్పాలు నేను కాల్చే రెండు పలకల ఇనప పెనం ఒకవైపు ఒరిగిపోతోంది. అప్పం ఒక అంచున మాడి, ఇంకో అంచున పచ్చిగా ఉంటోంది. నీకేమైనా తడితే రాయి.

ఈ చీటీ నాన్నకు ఇవ్వు, ఆయన పిలిచే పాత పేరుతోనే రాశాను: "నాన్నా, ఆ ఆవిరి మానకుండా రోజూ పీల్చు. విసుగొచ్చినా, ఎవరేమన్నా వదలకు. దాని కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. నీ లుమింగ్."

క్రీస్తునందు,
సిస్టర్ అనున్సియాతా

*

మారికినా,
అక్టోబరు 18, 2015

అక్కా,

పెనానికి మడతబందు ఇరుసు అరిగిపోయి ఉంటుంది. దాన్ని లాగేసి, ఒక్క వెంట్రుకంత లావుది వేయించు. కొత్త పెనం కొనమని ఎవరైనా అంటే వినకు.

నీ చీటీ నాన్న చొక్కా జేబులోనే ఉంటోంది. రొట్టెల కొట్టువాడికి, ట్రైసికిల్ వాళ్ళకి, ఫాదర్‌కి కూడా చదివి వినిపించాడు. పోయిన వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫొటో చూసి, "తాతగారూ, సిగరెట్ మానారు, సంతోషం. ఇక ఇది కూడా మానాలి," అంది. నాన్న జేబులోంచి నీ చీటీ తీసి బల్లమీద పెట్టాడు. "అమ్మా, నీకు పైన పెద్ద డాక్టరున్నాడా? నా కూతురు నేరుగా ఆయనతో మాట్లాడుతుంది. ఆవిడ మానొద్దంది," అన్నాడు. డాక్టరమ్మ నా వంక చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

ఇంతకీ నాన్నతో నాకు రోజూ యుద్ధమే. ఆ గొట్టం మూడుసార్లు వెనక్కిచ్చాడు. మొదటిసారి, మీట లోపలికి పోయి అంటుకుపోతోందన్నాడు. గట్టి స్ప్రింగు వేశాను. రెండోసారి, జేబులో ఉండగానే వేడెక్కుతోందన్నాడు. మీట దానంతటది నొక్కుకోకుండా అడుగున బిగింపు రింగు చేసి పెట్టాను. మూడోసారి రింగు మరీ బిగుతుగా ఉందట, వేళ్ళతో తిరగడం లేదట. "బిగుతుగా ఉండాలనే చేశాను నాన్నా," అన్నాను. "వేసుకునేవాడి కాలు చూడకుండా బూటు కుట్టే రకంరా నువ్వు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు కుట్టిన బూట్లు ఎవరూ కొనక కొట్టు మూతపడింది, నా గొట్టాలు కొంటున్నారు," అనేశాను.  ఆ తరవాత నాన్న రింగు సంగతి ఎత్తలేదు, గొట్టం అలాగే పట్టుకు తిరుగుతున్నాడు.

నాటో

*

కార్మెల్ మఠం, ఆంటీకే,
నవంబరు 22, 2015

నాటో,

పెనం బాగుపడింది. సిస్టర్లంతా నీకు ఆశీస్సులు చెప్పమన్నారు. వచ్చే ఆదివారం నుంచి ఆగమన కాలం. నీకు తెలుసుగా, క్రిస్మస్ దాకా ఉత్తరాలు రాయం, వచ్చినవి తీసుకోం. అందుకే ఇవాళే రాస్తున్నాను.

నాన్నతో అలా అనడం నాకు నచ్చలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, చేతిలోంచి పని పోయి ఖాళీగా కూర్చున్నాడు. తప్పులు వెతకడం తప్ప ఆయన దగ్గర ఇంకేం మిగిలింది? అడిగినట్టు చేసిపెట్టు. వెళ్ళి క్షమాపణ అడుగు.

ఇంకో మాట. ఆవిరి మానమని డాక్టరు ఎందుకన్నదో నాకు అర్థం కాలేదు. మరీ వేడిగా పడుతున్నాడా? నాకంతగా తెలియదు గానీ, సిగరెట్ మానిపించిన దాన్ని ఎలా వదలమంటారు? నాన్నకు చెప్పు, నా మాట మీదే ఉండమను.

క్రీస్తునందు,
సిస్టర్ అనున్సియాతా

*

మారికినా,
ఫిబ్రవరి 5, 2016

అక్కా,

క్రిస్మస్‌కే రాయాల్సింది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నీకో నిజం చెప్పాలి. నువ్వనుకుంటున్నది అమ్మ పట్టించే ఆవిరి కాదు. ఇది మందు కాదు. సిగరెట్ బదులు పీల్చేది. సిగరెట్లో ఉండే మత్తే ఇందులోనూ ఉంటుంది, పొగ ఉండదు, అంతే తేడా. నీ మొదటి ఉత్తరంలోనే నువ్వు పొరబడ్డావని తెలిసింది. మొదట నవ్వొచ్చింది, నా మిత్రులకు చెప్పి నవ్వించాను కూడా. తరవాత అలాగే ఉంటే మంచిదనిపించింది. నీ చీటీ ఉన్నంతకాలం నాన్న సిగరెట్ జోలికి పోడు. పైగా నువ్వు నా గురించి గర్వంగా ఉందని రాశావు. ఆ మాట నాకు ఇంతకుముందు ఎవరూ అనలేదు.

కానీ నాన్న దగ్గు తగ్గలేదు. ఇప్పుడు మెట్లెక్కితే గోడ పట్టుకుంటున్నాడు. నేను మానమంటే వినడు. నువ్వు ఒక్క ముక్క రాస్తే మానేస్తాడు. ఈస్టరు దాకా సాగే ఉపవాస దినాలు పదో తారీకున మొదలవుతాయి కదా, అప్పుడూ మీరు ఉత్తరాలు తీసుకోరు, ఈలోపే చేరాలని ఇవాళే పోస్టు చేస్తున్నాను.

క్షమాపణ అడిగాను. "సరే, తిను," అన్నాడు. అంతే.

నాటో

*

మారికినా,
ఫిబ్రవరి 24, 2016

అక్కా,

నీ దగ్గరినుంచి జవాబు లేదు. నా ఉత్తరం ఆలస్యంగా చేరి మీ అల్మరాలో పడుందో, చదివి నామీద కోపం వచ్చిందో తెలియడం లేదు.

శనివారం పొద్దున నాన్న గుమ్మం దగ్గర కుర్చీలో కునుకు తీస్తున్నాడు. గొట్టం చొక్కా జేబులో ఉంది. నేను వెనక వంటగదిలో ఎండుచేప వేయిస్తున్నాను. టపాకాయ పేలినట్టు చప్పుడయింది. పరిగెత్తి వచ్చేసరికి చొక్కా అంటుకుని ఉంది, నాన్న దాన్ని కుడిచేత్తో పీకుతున్నాడు. నీళ్ళ బకెట్ గుమ్మరించాను. ఛాతీ కాలింది, కుడి అరచెయ్యి పూర్తిగా కాలింది.

బ్యాటరీ వేడెక్కితే లోపల గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోవడానికి గొట్టానికి చిన్న రంధ్రాలు పెట్టాలి. రిపేరుకు వచ్చినవాటిలో అవి లేకపోతే నేనే పెట్టి ఇచ్చేవాణ్ణి. నా పన్నెండింటికీ పెట్టలేదు. నున్నగా మెరుస్తున్న ఇత్తడి, దాన్ని పొడవడానికి చెయ్యి రాలేదు. అందం చెడుతుందనుకున్నాను.

ఆసుపత్రిలో ఉన్నాడు. కంగారు లేదంటున్నారు. కవరు మీద అత్యవసరం అని రాస్తే మదర్ నీకు వెంటనే ఇస్తారని తెలుసు. కానీ నాన్న వద్దన్నాడు. "దాని ఉపవాసం చెడగొట్టకు," అన్నాడు.

నాటో

*

మారికినా,
మార్చి 14, 2016

అక్కా,

నాన్న శుక్రవారం, పదకొండున పొద్దున్నే వెళ్ళిపోయాడు. కాలిన గాయాలు మానుతూనే ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, అవి తట్టుకోలేకపోయాయి. ఫాదర్ వచ్చి తైలం పూశారు. ప్రశాంతంగా పోయాడు. నిన్ను దీవించాడు.

నిన్న అమ్మ పక్కనే పెట్టాం. బూట్ల కొట్ల వాళ్ళంతా వచ్చారు. తను కుట్టిన నల్ల జతే తొడిగాను. కుడి బూటు లేసు నాన్న కట్టే తీరులో రెండు మడతలు వేసి కట్టాలని చూశాను, రాలేదు. పక్కన నిలబడ్డ ముసలాయన వంగి కట్టాడు.

మఠానికి ఫోను చేయలేదు. ఎలాగూ నిన్ను బయటికి పంపరు కదా అనుకున్నాను.

నాటో

*

కార్మెల్ మఠం, ఆంటీకే,
మార్చి 28, 2016

నాటో,

నిన్న ఈస్టరు. పొద్దున పూజ అయ్యాక మదర్ ఎవరి ఉత్తరాలు వాళ్ళకు పంచారు. నీవి మూడొచ్చాయి. నా భాగ్యం అనుకున్నాను. సాయంత్రం తీరిగ్గా చదువుకోవచ్చని తలగడ కింద పెట్టి, రోజంతా పండగ చేసుకున్నాను. పాడాను కూడా.

తారీకుల ప్రకారం పేర్చి మొదటిది చదివాను. రెండోది చదివాను. మూడోది విప్పడానికి చాలాసేపు పట్టింది.

పదహారు రోజులు నాటో. పదహారు రోజులు నాన్న ఊపిరి బాగుపడాలని రోజుకు ఏడుసార్లు ప్రార్థించాను, ఆయన అప్పటికే లేడు. నన్ను పంపేవాళ్ళు కాదని నువ్వెలా తేల్చుకున్నావు? మదర్‌ని అడిగాను. తండ్రి చివరి చూపుకు ఒక సిస్టర్ని తోడిచ్చి పంపేవారట. పోనీ పంపకపోయినా, నాకు తెలియాల్సింది. ఆయన పోతున్న గంటలో నేను మోకాళ్ళ మీద ఉండాల్సింది. అప్పాలు కాలుస్తూ ఉన్నాను.

నీ మీద కోపం ఉంది, దాచను. కానీ ఆ చీటీ రాసింది నేను. తెలియని దాని గురించి తెలిసినట్టు రాశాను. మానమన్న డాక్టరు నోరు నాన్న నా చీటీతోనే మూయించాడు. ఎవరేమన్నా వదలకు అన్నాను, వదల్లేదు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నాన్న నన్ను అడిగాడా?

అనున్సియాతా

*

మారికినా,
ఏప్రిల్ 12, 2016

అక్కా,

అడిగాడు. రోజూ అడిగాడు.

ఉపవాసం చెడగొట్టకని నాన్న అనలేదు. అది నేను కల్పించి రాశాను. పేలింది నేను చేసిన గొట్టమని నీకు ఆలస్యంగా తెలిస్తే బాగుండునని కవరు మీద అత్యవసరం అని రాయలేదు. ఫోను చేయనిదీ అందుకే. నాన్నతో మాత్రం రాశానని చెప్పాను. ఇక చూడు, నర్సు తలుపు తీసినప్పుడల్లా, "లుమింగ్ దగ్గర్నించేనా?" అనేవాడు. "ఉపవాస దినాలు నాన్నా, వాళ్ళు రాయరు," అన్నాను. "తండ్రి కాలిపోయాడంటే కూడా రాయదా? నామీద కోపమా దానికి? నేనేం చేశాను, అది చెప్పినట్టే చేశాను కదరా," అన్నాడు.

అది వినలేకపోయాను. మరునాడు ఉత్తరం వచ్చిందని చెప్పాను. మందుల చీటీ వెనక్కి తిప్పి పట్టుకుని, నువ్వు రాసినట్టుగా చదివాను. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు.

దీవించాడని రాశాను కదా. నిజమో కాదో తెలియదు. చివరి రోజు మాట లేదు. కట్టు కట్టిన చెయ్యి కొంచెం లేపాడు, అంతే చూశాను.

నాటో

*

కార్మెల్ మఠం, ఆంటీకే,
మే 3, 2016

నాటో,

నా పేరు పెట్టుకుని చనిపోతున్న మనిషితో మాట్లాడావు. నా తండ్రికి నేను చెప్పని మాటలు నా మాటలని నమ్మించావు. ఆ మాటలు నాకు కావాలి. ఒక్కటీ మార్చకుండా రాసి పంపు. అప్పటిదాకా వేరే ఏమీ రాయొద్దు.

అనున్సియాతా

*

మారికినా,
నవంబరు 6, 2016

అక్కా,

ఆరు నెలలు పట్టింది. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ముందు పని సంగతి. పదకొండు గొట్టాలు బయట ఉన్నాయి కదా, వాటి కోసం తిరిగాను. తొమ్మిది దొరికాయి. సులువుగా ఏమీ ఇవ్వలేదు. జీప్నీ బండి నడిపే ఒక డ్రైవరు, "కొత్త గంటలా మెరుస్తోంది, దీనికేం రోగం? ఇంకోడికి ఎక్కువకి అమ్ముకుందామనా?" అని ఎగతాళి చేశాడు. చొక్కా గుండీలు విప్పి నాన్నకు ఎక్కడెక్కడ కాలిందో నా ఛాతీ మీద చూపించాను. ఇచ్చేశాడు. అన్నిటినీ వైసు దవడల మధ్య పెట్టి బిగించి నలిపేశాను. ఒకటి వరదలో కొట్టుకుపోయిందట. చివరిది మిండోరో దీవిలో పడవ నడిపే డోమెంగ్ దగ్గరుంది. ఫోను ఎత్తడు, వెళ్ళాలి.

ఇక నువ్వడిగినది. నీ పేరుతో నేను చదివింది ఇదే:

"నాన్నా, నీ కబురు తెలిసి ఏడ్చాను. నీమీద నాకు కోపం లేదు, ఎప్పుడూ లేదు. ఆ ఆవిరి గురించి నేను పొరబడ్డాను, నన్ను క్షమించు. నాటోని కూడా క్షమించు నాన్నా. రంధ్రం పెట్టకపోవడం వాడి తప్పే. అందం కోసం చూసుకున్నాడు వెధవ. రాత్రీ పగలూ నీ మంచం పక్కనే కూర్చుంటున్నాడు, తిండి తినడం లేదు, వాణ్ణి ఒక్కసారి తిట్టు, తిడితే బాగుంటాడు."

అంతే. అయిపోయాక నాన్న కళ్ళు తెరిచాడు. తరవాత, "కాగితం తీసుకో. దానికి జవాబు రాయాలి. నా చెయ్యి ఇలా ఉంది, నువ్వు రాయి," అన్నాడు. అదే మందుల చీటీ మీద రాశాను. ఇన్నాళ్ళూ పంపలేక దాచుకున్నది అదే. ఇందులో పెడుతున్నాను. నీళ్ళు పడి అక్షరాలు చెదిరాయి గనక మళ్ళీ ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"లుమింగ్, నీ ఉత్తరం అందింది. ఈమధ్య నీ ధోరణి మారింది, నీ తమ్ముడిలా వాగుతున్నావు. సరే.

ఊపిరి చాలదు, తక్కువ చెప్తాను. ఆ బిగింపు రింగు వాడు బాగానే చేశాడు. నా వేళ్ళకు తిరగక, వాడు బజారుకెళ్ళినప్పుడు నేనే ఆకురాయి పెట్టి అరగదీశాను, అది వదులై జేబులో మీట నొక్కుకుని ఉంటుంది. వాడికి చెప్పలేదు. ఒకడు చేసిన పని మీద అడక్కుండా చెయ్యి వేయకూడదు. నా కొట్లో ఎవడైనా ఆ పని చేసుంటే పంపించేసేవాణ్ణి. రంధ్రం సంగతి వేరు, అది వాడి తప్పే. బయటున్న వాటిని వెనక్కి తెచ్చుకోమను, ముందు ఆ పని చూడమను.

వాడికి బూట్ల పని రాలేదని నలుగురిలో చాలాసార్లు అన్నాను. పదేళ్ళప్పుడు వాడు కుట్టిన మొదటి జత నేను విప్పేశాను. బాగానే ఉంది అది. ఎందుకు విప్పానో ఇప్పుడు గుర్తులేదు. ఈ ముక్క వాడికి నేను చెబితే వాదిస్తాడు, అందుకని నీకు రాయిస్తున్నాను. వాడు తినడం లేదు. కింద లుగావ్ గంజి అమ్ముతారు, గుడ్డు వేయించుకుని..."

ఇక్కడ దగ్గొచ్చి ఆగిపోయాడు. తరవాత నిద్రపట్టింది. మళ్ళీ చెప్పలేదు.

అక్కా, ఆ రింగు కోసం ఇల్లంతా వెతికాను. పేలినప్పుడు ఎటు ఎగిరిపోయిందో దొరకలేదు. ఆకురాయి బల్లమీదే ఉంది, కానీ అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. జనవరి నుంచి నాన్న చేతికి చెంచా సరిగ్గా నిలిచేది కాదు. ఆ వేళ్ళతో ఇత్తడిని అరగదీశాడా? పని విషయంలో నాన్న అబద్ధమాడడం నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలియడం లేదు.

నాటో

*

కార్మెల్ మఠం, ఆంటీకే,
నవంబరు 25, 2016

నాటో,

ఎల్లుండి నుంచి మళ్ళీ ఉత్తరాలు ఉండవు. పెద్దది రాయాలనుకున్నాను, రావడం లేదు.

మందుల చీటీ నా దగ్గరుంచుకోవడానికి మదర్ ఒప్పుకున్నారు. మాకు సొంత వస్తువులు ఉండవు, అయినా ఒప్పుకున్నారు. భోజనాల బల్ల దగ్గర సిస్టర్లకు చదివి వినిపించమన్నారు. లేచి మొదలుపెట్టాను. విప్పేసిన బూట్ల జత దగ్గరికి వచ్చేసరికి ఆపి కూర్చున్నాను. పక్కనున్న సిస్టర్ తీసుకుని పూర్తి చేసింది.

అరగదీశాడో లేదో నాకూ తెలియదు. ఇక మనిద్దరం ఎప్పటికీ తెలుసుకోలేం. నిన్ను ఊరడించడానికి అది నిజమని చెప్పను, అబద్ధమనీ చెప్పను. ఉత్తరం నాకు రాయించినా, పెన్ను నీ చేతికే ఇచ్చాడు. నువ్వు వింటున్నావని తెలిసే ప్రతి మాటా అన్నాడు. నేను రాయని ఉత్తరానికి ఆయన అంత పెద్ద జవాబు ఎందుకిచ్చాడో నాకు అర్థమైంది, నీకూ అర్థమయ్యే ఉంటుంది.

నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. తగ్గుతోంది.

మిండోరో వెళ్ళు. ఈ నెల సముద్రం మంచిది కాదంటారు, పెద్ద పడవ ఎక్కు. డోమెంగ్ ఇవ్వనంటే ఇచ్చేదాకా వాళ్ళ గుమ్మంలో కూర్చో. దొరికిందీ లేనిదీ రాయి, క్రిస్మస్ పొద్దున చదువుతాను.

వేళకు తిను.

నీ అక్క,
లుమింగ్